పిడికెడు సందు

పందెం విజిల్ మోగగానే దేవ్లా అంబాసిడర్ కారు నాలుగడుగులు ముందుకెళ్లి, ఒక చిన్న బూడిద గుమ్మడికాయ మీద ఎక్కి కూర్చుంది. దిష్టి తీసిన అతని భార్య పూలి, కాయను కారు ముందు పెట్టి కర్పూరం తేవడానికి వెళ్లినప్పుడే విజిల్ మోగడం ఎవరి తప్పూ కాదు. మామూలు కారైతే కాయను దాటిపోయేదే. మలుపుల్లో పట్టు కోసం ఈ కారును కిందికి దించిన కమాన్ మిస్త్రీ భద్రయ్య రోడ్డు పక్కన నింపాదిగా బీడీ ముట్టించాడు.

బండి బరువు మోసే కమాన్ పట్టీలు ఎంచడంలో సారపాకలో భద్రయ్యకు సాటి లేదు. పట్టీని సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, పెళ్లి సంబంధం వింటున్నట్టు తలాడిస్తాడు. "కారు కూసోవాలె గని కుంగొద్దు" అంటాడు. చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ సందును తన పిడికిలితోనే కొలుస్తాడు. అన్నిటికన్నా ముందు, బరువు లెక్కకు, బండిలో ఎవరెవరు వస్తారో పేరుపేరునా అడుగుతాడు, విస్తళ్లు వేయబోతున్నవాడిలా. రెండు పందాల్లో కలప కాంట్రాక్టర్ జీపు దుమ్ము మింగి, ఈసారీ ఓడితే స్టీరింగ్ ముట్టనని ఒట్టేసుకున్న దేవ్లా, "నేనొక్కణ్నే మామా" అన్నాడు.

ఆ జీపు ఇప్పుడు కూడా దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. భద్రయ్య వచ్చి, కాయ వైపు చూడకుండా, చక్రం పైన సందులో పిడికిలి పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"గింత కిందికి దించితివేంది మామా? ఊరంతా నవ్వబట్టె" అన్నాడు దేవ్లా ఏడుపు గొంతుతో.

"ఎవరెవరు వస్తరని అడిగిననాడు గుమ్మడికాయ పేరు చెప్పకపోతివి, అల్లుడా."