అవ్వ అడిగిన కోరా నూలు

మా గల్లీ మంత్రసాని అవ్వ పోయిందని నా భార్య వచ్చి చెప్పినప్పుడు నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని తెగిన పోగు అతుకుతున్నాను. "పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగిందంట. అంతే," అంది. నేను పోగు అతికి, ఇంకో నాలుగుసార్లు పోగుల మధ్య నాడె విసిరి, అప్పుడు లేచాను. కబురు విన్నాక కూడా ఎందుకు నేశావంటే ఏం చెప్పను? ఒక్కసారి తప్ప, ఆమె ఇంటివైపు నడవడానికి నాకు పదకొండేళ్ళుగా కాళ్ళు రాలేదు.

జోడ్‌భావి పేటలో, మరాఠీ ఊళ్ళోని మా తెలుగు నేతగాళ్ళ వాడలో, మా వరుస ఇళ్ళ పిల్లల్లో సగం మందిని మొదట పట్టుకున్నవి ఆమె చేతులే. కాన్పులు లేని రోజుల్లో అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేది. ఏ ఇంటికి పోయినా ముందు నీళ్ళు మరిగాయా అని అడిగేది, తల్లి ఎలా ఉందన్నది ఆ తర్వాతే. ఇక బిడ్డ బయటపడ్డాక ఆమెకు తొందరే ఉండేది కాదు. బిడ్డను తుడిచి, తల్లి పొట్ట మీద పడుకోబెట్టి, బొడ్డుపేగును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అలా కూర్చునేది. అందులో నాడి కొట్టుకోవడం ఆగేదాకా కోసేది కాదు.

ఇక్కడ నా చదువు గురించి కొంచెం చెప్పాలి. నేను బడికి పోలేదు. నూలు కట్టలకు చుట్టి వచ్చే పాత కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అందుకే నా జ్ఞానం ఎప్పుడూ సగం చిరిగే ఉంటుంది. ఒక రాజు యుద్ధానికి బయలుదేరడం వరకే నాకు తెలుసు, గెలిచాడో లేదో చెప్పే ముక్క ఇంకో కట్టకు చుట్టుకుని ఎవరింటికో పోయింది. అలాంటి ఒక ముక్కలోనే, బిడ్డ పుట్టగానే పేగు కోసెయ్యాలని చదివాను.

నా కొడుకు పుట్టిన మధ్యాహ్నం ఆ ముక్క గుర్తొచ్చింది. మాది ఒకటే గది. సగం మగ్గానికి, సగం సంసారానికి. మధ్యన చీర కట్టి అవతల కాన్పు, ఇవతల నేను. బిడ్డ ఏడ్చాడు. ఎంతసేపైనా కోసిన జాడ లేదు.

"అవ్వా, ఇంకా కొయ్యలేదా? ఎంబడే కొయ్యాలని కాయిదంల రాసిండ్రు."

"రాసినాయన ఎన్ని కాన్పులు చేసిండురా?"

"అది రాయలేదు."

"మరి ఘాయి ఎందుకు, ఏం తొందర? పేగు కొట్టుకుంటున్నంత సేపు తల్లి ఇస్తనే ఉంటది. ఇచ్చేటోళ్ళ చెయ్యి నరుకుతరా? జరా థాంబ్, ఆగు. పోయి కోరా నూలు తే. గంజి తగలనిది, రంగు తగలనిది. నేతగానికి నూలు సంగతి నేను చెప్పాల్నా."

ముగ్గురు ఆడపిల్లల తర్వాత పుట్టిన కొడుకు. వాడి బొడ్డుకు మామూలు నూలా అనిపించింది నాకు. చీర అంచుకని దాచుకున్న నకిలీ పట్టు పోగు తీసి, పేటలు వేసి, అడ్డు కట్టిన చీర సందులోంచి, కాన్పుకు వచ్చిన మా అత్తకిచ్చాను. అత్త దాన్ని చూడకుండానే మరిగే నీళ్ళలో వేసింది. తడిశాక ఏ పోగైనా ఒకేలా కనిపిస్తుంది, అందులోనూ ఆ చీకటి మూలలో. కొట్టుకోవడం ఆగాక అవ్వ రెండుచోట్ల ముడేసి మధ్యలో కోసింది. నకిలీ పట్టు తడిస్తే బలం పోతుందనీ, ముడి నిలవనివ్వదనీ నాకు తెలియదా? మగ్గం మీద రోజూ దానితో తిట్లు తింటున్నవాణ్ణే.

దీపాలు పెట్టే వేళకు బిడ్డకు చుట్టిన గుడ్డ ఎర్రగా తడిసిపోయింది. కబురందగానే అవ్వ జొన్నపిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. చేతులు కడిగి, కారుతున్న పేగును బొటనవేలితో నొక్కి పట్టింది. ఈసారి నేను కోరా నూలు తెచ్చాను. నీళ్ళు మరిగి, అందులో నూలు మరిగేంత వరకు ఆ వేలు కదల్లేదు. కొత్త ముడి బిగించాక, జారిపోయిన పోగును దీపం దగ్గర పట్టి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇది నేను అడిగింది కాదు," అంది, నాకొక్కడికే వినబడేలా. దాన్ని కొంగున దోపుకుంది. "మీ అత్త చూస్తే నిన్ను బతకనియ్యది." మరి కాసేపటికి, "భయపడకు. పేగుల నుంచి తాగాల్సింది తాగి వచ్చిండు. కొంత పోయినా వానికి ఉన్నది," అంది.

ఇంకా కొయ్యలేదని నేను తొందరపెట్టిన ఆ కాసేపే నా కొడుకును నిలబెట్టింది.

మర్నాడు చాయ హోటల్లో ఎవరో అడిగారు: "ఏందన్నా, అవ్వ ముడి ఊడిందంట?" నిజం నాలుక చివరనే ఉంది. కానీ తన కొడుకు ముడికి పోగు ఎంచుకోలేని నేతగాడంటే నవ్వరూ? "ముసల్దైంది గదా. చేతులు మునుపటి లెక్క లేవు," అన్నాను.

ఆ మాట నాకన్నా ముందే ఇల్లు చేరింది. గల్లీ మెల్లమెల్లగా వేరే మంత్రసానుల్ని పిలవడం మొదలుపెట్టింది. ఒకసారి తెగించి అవ్వ దగ్గరికి పోయాను. బీడీ ఆకు కత్తిరిస్తూనే, "నా చేతులు ముసలివి కాలేదా ఏంది? పో, మగ్గం చూస్కో," అంది. క్షమించిందో, మొహం చూడలేక పంపిందో ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం అది సులువైంది. వచ్చేశాను.

ఏడాది తర్వాత ఎదురింటి చెల్లెకు కాన్పైంది. అవ్వను పిలవలేదు. వచ్చినామె బిడ్డ పడగానే పేగు కోసిందట. ఆ పిల్ల రెండేళ్ళదాకా పాలిపోయి, మెట్టెక్కితే ఆయాసపడేది. ఇప్పటికీ నీరసమే. దానివల్లేనని చెప్పడానికి నేను డాక్టర్ను కాను. కాదని చెప్పుకుని నిద్రపోవడమూ నాకు చేతకాలేదు.

అవ్వ పదో రోజు భోజనాలకు వరుసలో కూర్చున్నప్పుడు చెప్పేశాను. పోగు నాది, మాట నాది, అవ్వ చేతుల తప్పు లేదని. కొందరు విన్నారు, కొందరు అన్నం కలుపుకుంటూనే ఉన్నారు. వడ్డిస్తున్న ఎదురింటి చెల్లె నా విస్తరి దగ్గర ఆగింది.

"అవ్వ ఉన్నప్పుడు చెప్తే అయిపోతుండె గదన్నా," అంది. అందరికీ పెట్టినంతే నాకూ పెట్టి ముందుకు పోయింది.

నా ఎదురు వరుసలో ఆ చెల్లె కూతురు కూర్చుంది. సన్నని తెల్లటి వేళ్ళతో అన్నం మధ్యలో గుంట చేసుకుని, పప్పు తనదాకా వచ్చేంతవరకు ఎవరినీ పిలవకుండా, అలాగే చూస్తూ ఉంది.