సూర్యావతి సొంతానికి రాసుకున్న అర్జీ

రాయగడలో ఊరి చెత్తా, నీళ్లూ చూసే ఆఫీసులో సూర్యావతి గుమాస్తా. పేరుకి గుమాస్తాగానీ పంతొమ్మిదేళ్లుగా ఆవిడ చేసే అసలు చాకిరీ అర్జీలు రాయడమే. పార్వతీపురం వైపు నుంచి వచ్చి చీపుళ్లు పట్టిన తెలుగువాళ్లకి ఒడియా మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. సెలవు కావాలన్నా, కోర్టు కాగితం కావాలన్నా ఆవిడ బల్ల దగ్గరికే వస్తారు. ఆవిడ రాసిచ్చిన కాగితాలే చదివి కోర్టులో ప్లీడర్లు పెద్దమనుషులైపోతుంటే ఒళ్లు మండేది. ఆ ప్లీడరేదో తనే అవుదామని నలభై ఆరో ఏట సాయంత్రం క్లాసుల లా కాలేజీకి దరఖాస్తు నింపింది. ఈ ఏడు కాకపోతే ఇక తనకి ఓపిక ఉండదని తెలుసు.

ఆఫీసు అనుమతి పత్రం ఒక్కటే తక్కువ. గడువు ఆ రోజు సాయంత్రంతో సరి. పెద్దసారు ఆవిడ అర్జీ చదివి చివరి వాక్యం కింద ఎర్రగీత కొట్టి తిప్పి పంపేడు. 'నా వల్ల ఆఫీసు పనికి ఏ ఆటంకమూ కలగనివ్వనని హామీ ఇస్తున్నాను.' నువ్వు కూర్చునే ఫిర్యాదుల కిటికీ ఏడింటిదాకా తెరిచి ఉండాలి, అయిదింటికే వెళ్లిపోతే ఆటంకం కాదా, మాట నువ్వే ఇచ్చావుగా అన్నాడు.

ఆ వాక్యం ఎవరూ పెట్టమనలేదు. మర్యాదగా ఉంటుందని ఏ అర్జీకైనా తోకలా తగిలించడం ఆవిడకి అలవాటు. చెయ్యి దానంతటదే రాసేసింది.

కూర్చుని కొత్త కాగితం మీద మూడే ముక్కలు రాసింది. రోజూ అయిదింటికి వెళ్తాను, చదువుకుంటాను, అనుమతి ఇవ్వండి. మరి కిటికీ ఎవరు చూస్తారని సారు అడిగితే, అది మీరు చూసుకోవాలని ఒడియాలో మెల్లగా చెప్పింది. పట్టుకోడానికి ఈసారి కాగితంలో ఏ హామీ దొరకక ఆయన సంతకం పెట్టేడు. అంతే. ఇంత తేలికా అనుకుంది. సంతోషం రాలేదు.

ఊడ్చే దేముడమ్మ గుమ్మంలోనే ఉంది. పోయినేడు కోరాపుట్ ఆస్పత్రిలో కూతురి పురుడుకి వెళ్లాలని నాలుగు రోజులు సెలవడిగింది. అర్జీ సూర్యావతే రాసింది, ఆ తోకతో సహా. వీధి ఊడవకపోతే ఆటంకమేనని, మాట ఇచ్చి వేలిముద్ర కూడా వేశావని సారు సెలవివ్వలేదు. అప్పుడు సూర్యావతి సారునే తిట్టింది. సెలవు లేక ఆలస్యంగా తల్లి చేరేసరికి కూతురు బతికి ఉంది గానీ బిడ్డ దక్కలేదు.

"సంతకం పెట్టేడా, సూర్యావతమ్మా?"

"పెట్టేడు."

"పోన్లే. మాకు రాసిపెట్టే సెయ్యి కదా, నువ్వు సదివితే మాకే మంచిది" అని దేముడమ్మ మనసారా నవ్వింది.

టైము అయిపోతోంది. కాగితం సంచిలో పెట్టుకుని, ఆమె మొహం చూడలేక, సూర్యావతి మెట్లు దిగింది.