వెనక నుంచి గీసిన మనిషి

అడగకుండా ఒక మనిషి బొమ్మ గీయొచ్చా? బ్రష్ పట్టిన రోజు నుంచీ నాకీ సందేహం ఉంది.

ఈ ఉదయం మా చిత్రకారుల బృందం మంచి ఎండ కోసం ఈ అరబ్బు దేశంలో కల్బా ఊరి దగ్గర ఒక ఖర్జూరపు తోటకి వెళ్లింది. అక్కడ పాదులు చేస్తున్న ఒకతన్ని వెనక నుంచి గీశాను. చాలా ఏళ్లకి నాకే నచ్చిన బొమ్మ. అతను వచ్చి చూశాడు. జగిత్యాల వైపు మనిషట.

“అక్కా, దీన్ని ఫోన్ల పెట్టకుండ్రి. ఇంటికాడ ఏసీ షాపుల పని అని చెప్పిన.”

“మొహం కనిపించట్లేదు కదా తమ్ముడూ.”

“మొహమెందుకక్కా? వంగిన తీరు సూస్తె సాలు, మా ఆమె గుర్తువడ్తది.”

నా బొమ్మకి ఇంత మంచి మెప్పు ఇంతవరకు దొరకలేదు. రేపు దాన్ని ప్రదర్శనకి పంపాలి, వాళ్లు అన్నీ ఆన్‌లైన్లో పెడతారు. అతన్ని చెరిపేస్తే ఉత్త తోటే మిగులుతుంది. మీరైతే ఏం చేస్తారు? నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.