మొక్కు లేని కొండ

మొన్న కార్తీకం వెళ్లి చలి పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం, కుప్పంలో మా ఇంటి వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తూ ఉన్నాను. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మనవరాలు, నా కూతురి కూతురు, సెలవుకని వచ్చి నా పక్కనే చాప మీద బోర్లా పడుకుని, ఫోనులో స్నేహితురాళ్లతో కొండెక్కే ప్రయాణం ఒకటి కుదుర్చుకుంటోంది. గుడారం అద్దెకు దొరుకుతుందట, పడుకోవడానికి మనిషి దూరేటంత మెత్తని సంచులట, తెల్లవారుజామున ఆ కొండ మీద చలి ఎంత ఉంటుందో కూడా ఆ ఫోనే చెప్పేస్తుందట. నేను పట్టుమని ఒక చేట కాయలు ఒలిచే లోపల వాళ్ల ప్రయాణం మొత్తం తయారైపోయింది. అప్పుడు నా వైపు తిరిగి, అమ్మమ్మా, ఈ శనివారం మేం మదనపల్లె దగ్గర ఒక కొండకు పోతాండాము అంది. చెప్పింది, అంతే, అడగలేదు. ఏ కొండ అని నేనడిగితే ఫోను నా మొహం ముందు పెట్టింది. కళ్లద్దాలు సర్దుకుని చూద్దును గదా, నిమ్మనపల్లె దారిలో కనిపించే కొండ, పడుకున్న ఎద్దు వీపులాగా మధ్యలో చిన్న మూపురం ఉన్న మా పెద్దకొండ! నా చేతిలో గింజలు చేతిలోనే ఉండిపోయాయి.

ఆ కొండ మీద ఒక రాత్రి పడుకోవడానికి మేము పడిన తిప్పలు ఈ పిల్లకు చెబితే నమ్ముతుందా? నా ఈడు వాళ్లయితే నమ్ముతారు. మన కాలంలో ఆడపిల్ల వీధి చివరి కిరాణా అంగడికి పోవాలన్నా ఇంట్లో ముగ్గురికి చెప్పి, నలుగురి చేత అనిపించుకుని కదా పోయేది!

అప్పుడు మాది మదనపల్లె. నాయనకు చెనక్కాయల, అంటే వేరుశనగకాయల, వ్యాపారం. ఇల్లంతా ఎప్పుడూ చెనక్కాయ పొట్టు వాసనే. నాకు కుప్పం సంబంధం కుదిరి, తాంబూలాలు పుచ్చుకున్నారు, ముహూర్తం మాఘమాసానికి పెట్టుకున్నారు. మధ్యలో ధనుర్మాసం వచ్చి పడింది. మా ఇళ్లలో ఆ నెల పెళ్లి మాటలు మాట్లాడుకుంటారే గాని పని ఒకటీ మొదలుపెట్టరు. ఆ నెల వెళ్లాక పసుపు కొమ్ములు రోట్లో పడ్డాయంటే ఇక పెళ్లికూతురు ఊరి పొలిమేర దాటకూడదు. పెళ్లయితే సరేసరి, అత్తగారిల్లే పొలిమేర. కాబట్టి పుట్టినప్పటి నుంచి ఏ నెలా నాది అనిపించని నాకు ఆ చలినెల ఒక్కటీ ఎవరూ అడగని నెలగా, నాకోసం వదిలేసినట్టుగా కనిపించింది.

కొండ మాట ఎత్తింది మా అక్క. పెదనాయన కూతురు, నిమ్మనపల్లె దగ్గర బడిలో టీచరు. రోజూ బస్సులో పోతూ వస్తూ ఆ కొండను కిటికీలోంచి చూసేది. చలికాలం పొద్దున మంచు కొండకు సగం దాకా వచ్చి ఆగిపోతుందనీ, పైన ఉన్నవాళ్లకు కింద ఊర్లూ చేన్లూ ఏమీ కనిపించక తెల్లగా పాల మీగడే కనిపిస్తుందనీ గొర్రెల కాపరులు ఎవరో బస్సులో చెప్పుకోగా విన్నదట. ఆ మాట నాకు చెప్పిన రోజు నుంచి నాకు నిద్రలో కూడా అదే. మిద్దె మీద ఎండలో తల ఆరబెట్టుకుంటూ, నాలుగు వైపులా కొండలే ఉన్న ఊరిలో పుట్టి ఒక్క కొండా ఎక్కకుండా పెళ్లి చేసుకుని పోతానా అని నాకు నేనే అనుకుని కళ్లలో నీళ్లు పెట్టుకునేదాన్ని. నవ్వుతారేమో, నవ్వండి. ఆ వయసులో ఆ కొండ నాకు పెళ్లి చీర కన్నా ఎక్కువ.

ఎంత బాగా ప్లాను వేసుకున్నామో చెప్పలేను. మాకు గుడారం ఎక్కడిది, చెనక్కాయల రాసుల మీద కప్పే టార్పాలు పట్ట ఉండనే ఉంది. మూడు బొంతలు, ఒక కంబళి, లాంతరు, ఇత్తడి తపేలా, సంగటి ముద్దలు, చెనక్కాయల పొడి, బెల్లం. పైన కాపరులు కట్టుకున్న రాతి దొడ్డి ఒకటి ఉందని అక్క ఆరా తీసి పెట్టింది, గాలి తగలకుండా దాని గోడ పక్కన పట్ట కట్టుకోవచ్చునని. మధ్యాహ్నం ఎక్కడం, పొద్దున మంచు చూడడం, దిగి రావడం. తోడుకు మగదిక్కు కావాలి గాబట్టి పుంగనూరు నుంచి మా మేనమామను పిలుద్దామనుకున్నాం. మామ మంచివాడే గాని భోజనప్రియుడు, ప్రయాణం అంటే ముందు మూటలో ఏముండాదని అడిగే రకం.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే అవ్వ దగ్గర. మా నాయనమ్మ. అంతా విని, ఆ కొండ మీద ఏం దేవుడుండాడే అంది. ఏ దేవుడూ లేడవ్వా, ఊరికే పోతాండాము అంది అక్క. ఆ ఊరికే అన్న మాట మా ఇంట్లో ఎంత పని చేసిందనుకున్నారు! ఊరికే కొండెక్కేది యాలనమ్మా, కాళ్లు ఎక్కువైనాయా అని అవ్వ మొదలుపెట్టింది. పెళ్లి కుదిరిన పిల్ల కొండల మీద ఊరికే తిరిగిందని కుప్పం వాళ్లకు తెలిస్తే ఏమనుకుంటారని అమ్మ అందుకుంది. నాయన మాత్రం నా మొహం ఒకసారి చూసి, చెనక్కాయ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని బయటికి పోయాడు. మామ పుంగనూరు నుంచి దిగి, రెండు చేతులా తాంబూలం అందుకున్నోళ్లం, ముందు కుప్పంలో ఒక మాట ఎయ్యాల, వాళ్లు సరే అంటే ఎవురూ ఏమీ అనేదానికి ల్యా అని తీర్పు చెప్పేశాడు. అయిపోయింది, నా కొండ కాస్తా కుప్పం పోయి కూర్చుంది.

నాయన పొద్దున్నే బస్సెక్కి కుప్పం పోయాడు. ఆ పగలంతా నేను వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. వద్దంటారని నాకు తెలుసు. వద్దంటే కొండ పోతుంది, అది ఒక బాధ. అడిగినందుకే తప్పు పట్టుకుని సంబంధం వదులుకుంటే? ఒక్కసారి చూసిన మనిషే అయినా ఆ కుర్రాడు నాకు నచ్చాడు, ఇప్పుడు దాచుకునేదేముంది! నాకు కొండా కావాలి, ఆయనా కావాలి. రెండూ ఆ రోజు మా నాయన నోట్లో ఉన్నాయి.

చీకటి పడేటప్పటికి నాయన తిరిగి వచ్చి, చెప్పులు విప్పి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్నాడు. జరిగిందేమంటే, నసుగుతూ నసుగుతూ, పిల్ల పెళ్లికి ముందు ఒక కొండకు పోయి రావాలనుకుంటాండాది అని అన్నాడట. కాబోయే మా అత్త, మొక్కుండాదా అన్నా అని అడిగిందట. లేదు, ఊరికే అని చెప్పడానికి మా నాయనకు నోరు రాలేదు. ఊ అన్నాడట. ఆ ఊ అనడంతోనే ఆమె, అయితే నేనూ వస్తా, మా కోడలి మొక్కంటే మా ఇంటి మొక్కే గదా, తీర్చేటప్పుడు ఇంటోళ్లు ఒకరైనా ఉండాల అందట!

మా ఇంట్లో పిడుగు పడినట్టయింది. లేని మొక్కుకు అత్తగారు కొబ్బరికాయతో సహా వస్తోంది. మామ అయితే, నేను ముందు రోజే పోయి ఆడ ఒక రాయికి పసుపు కుంకుమ పూసి పెట్టేస్తా, ఎవురికి తెలుస్తుంది అన్నాడు. దేవుడితో ఎగతాళా అని అక్క మామ మీద విరుచుకుపడింది. పోనీ ప్రయాణం మానేద్దామంటే, చెప్పిన మొక్కు తీర్చకపోవడం ఇంకా పెద్ద తప్పు. ముందుకు పోతే అబద్ధం బయటపడుతుంది, ఆగితే అరిష్టం. నాయన నన్ను పక్కకు పిలిచి, నీ కోసమే అన్నానమ్మా అన్నాడు. ఆయన గొంతు విని నాకే ఏడుపు వచ్చింది.

అనుకున్న రోజు కాబోయే అత్త రానే వచ్చింది. సన్నని మనిషి, నెత్తిన చెంగు, చేతిలో వైరుబుట్ట, బుట్టలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, కర్పూరం. దిగీ దిగగానే, మొక్కు తీరేదాకా నేను పచ్చి గంగ ముట్టను, పిల్ల కూడా అంతే గదా అంది. నేను తలూపాను. మొక్కు నాది కాబట్టి ఉపవాసమూ నాదే అయింది. ఎన్నో రోజులు కలలు కని సర్దుకున్న సంగటీ చెనక్కాయల పొడీ అన్నీ మా మామ పాలబడ్డాయి. అత్త, అక్క, మామ, నేను, నలుగురం బయలుదేరాం. దారి పొడుగునా ప్రతి మలుపులోనూ మామ మూట విప్పేవాడు, నేను మొహం అటు తిప్పుకుని కొండను చూసేదాన్ని.

ఆకలితో ఎక్కినా, భయంతో ఎక్కినా, ఆ ఎక్కడం మాత్రం ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. సీతాఫలం పొదలు, ఎండి పసుపురంగుకు తిరిగిన బోదగడ్డి, రాళ్ల సందుల్లో చల్లని గాలి. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా మదనపల్లె ఇంకొంచెం చిన్నదైపోయి, చెరువు అద్దం ముక్కంతయి, బస్సు దారి దారపు పోగై కనిపించేవి. అత్త అందరికంటే ముందు నడిచింది. ఆగమన్నా ఆగలేదు. పైకి చేరేసరికి పొద్దు వాలింది. దొడ్డి గోడకు పట్ట కట్టి, నెగడు వేసుకుని, చెనక్కాయల వాసన కొట్టే ఆ పట్ట కింద ఒకరికొకరం ఆనుకుని పడుకున్నాం. చలి ఎముకల్లో దూరుతుంటే అత్త తన కంబళి సగం తీసి నా మీద కప్పింది. ఆ కప్పడంతో నా భయం ఇంకా పెరిగింది. ఇంత మంచి మనిషితో అబద్ధమాడుతున్నామే అని.

తెల్లవారింది. లేచి చూస్తే లోకం లేదు. ఊరు లేదు, చెరువు లేదు, దారి లేదు. మా కాళ్ల కింద నుంచి కనుచూపు మేర తెల్లటి మంచు, అందులోంచి అక్కడొకటీ ఇక్కడొకటీ తల ఎత్తిన కొండలు. మా మామ కూడా మూట విప్పడం మరిచి నిలబడ్డాడు. అత్త ఒక బండ అంచున నిలబడి చాలాసేపు అలాగే చూసింది. చెంగు జారిపోయినా సర్దుకోలేదు. నేను దగ్గరికి పోయి, ఇక చెప్పేద్దామని, అత్తా, ఈడ గుడి లేదు అన్నాను. ఇంకా ఏదో అనబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“తెలుసు లేమ్మా. మీ నాయన ఊ అన్నప్పుడే తెలిసిపాయ. ఆయప్పకు అబద్ధం సెప్పేది సేతకాదు.”

మరి తెలిసీ ఎందుకొచ్చారని నా మొహం అడిగినట్టుంది. ఆమె మంచు వైపే చూస్తూ చెప్పింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి వంటింటి కిటికీలోంచి కొండలను చూస్తూనే ఉందట. తిరుమల ఎన్నిసార్లు ఎక్కిందో, కానీ చంకలో బిడ్డ, నెత్తిన మూట, ముందు నడిచే మామగారి మడమలు తప్ప ఏమీ చూడలేదట. ఒక్కసారి ఏ పనీ లేకుండా ఒక కొండ ఎక్కాలని ఉండేదట. ఏమని సెప్పి ఇల్లు కదిలేది నేను, నీ మొక్కు దొరికె అని నవ్వింది. ఆ నవ్వులో ఆమె నా కంటే చిన్నపిల్లలాగా ఉంది.

తరవాత బుట్టలోంచి కొబ్బరికాయ తీసి, ఏ పసుపూ కుంకుమా లేని ఒట్టి బండ మీద ఠప్పున కొట్టి, పెద్ద చిప్ప నా చేతిలో పెట్టి, తిను, ఆకలైతాండాది గదా అంది. అంత తియ్యని కొబ్బరి నేను మళ్లీ తినలేదు.

పెళ్లయి ఆ ఇంట్లో నేను కాలు పెట్టాక, ఎవరైనా ఆ మొక్కు సంగతి అడిగితే, తీరింది అనేది అత్త. అని నా వైపు ఓరగా చూసేది. వంటింట్లో ఇద్దరం పొయ్యి ముందు చెమటలు కక్కుతున్నప్పుడు, కిటికీ అవతల కొండ మీదికి మబ్బు దిగితే మాట లేకుండా నా మోచేతిని తట్టేది. మళ్లీ ఎక్కుదామని ప్రతి చలికాలం అనుకున్నాం. పిల్లలు, పురుళ్లు, పంటలు, పెళ్లిళ్లు. ఇంకో మొక్కు మాకు దొరకలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. పోయిన రోజు నాకు అమ్మ పోయినట్టే ఉండింది.

ఇప్పటి పిల్లలకు మొక్కు అక్కర్లేదు, మామ అక్కర్లేదు, కుప్పంలో ఒక మాట వెయ్యక్కర్లేదు. ఊరికే పోతారు, ఊరికే వస్తారు. మంచిదే, మేము పడిన పాట్లు వీళ్లు పడకూడదు, ఆ మాట నిండు మనసుతో అంటున్నాను. కానీ అప్పుడు అందరినీ అడగాల్సి రావడంలో ఒక సందు ఉండేది. అడగడానికి వచ్చిన మనిషిని పట్టుకుని, అయితే నేనూ వస్తా అనే వీలు ఉండేది. మా అత్త ఆ సందులోంచే కదా కొండ ఎక్కింది!

శనివారం తెల్లారకముందే మనవరాలు సంచి భుజాన వేసుకుని బయలుదేరింది. వాకిట్లో కారు, కార్లో దాని స్నేహితురాళ్లు. నేనూ వస్తా అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. మా అత్తకు చెప్పుకోవడానికి నా మొక్కు ఉండింది. నాకు చెప్పుకోవడానికి ఏమీ లేకపోయింది. పూజగదిలోకి పోయి ఒక కొబ్బరికాయ తెచ్చి దాని సంచిలో పెట్టాను. పైన గుడి ఉందా అమ్మమ్మా అని అడిగింది. లేదమ్మా, మంచు చూస్తూ బండ మీద కొట్టుకుని తినండి అన్నాను. అది నవ్వి, సరేలే అని కారెక్కింది. కారు మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడ్డాను.