అతను వద్దనలేదు

ఒక మనిషి అనని మాటను నేను అతని నోట్లో పెట్టాను. ఆ మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. పూజకు కూర్చున్నా, బియ్యం ఏరుతున్నా, పేరంటంలో నలుగురితో కలిసి నవ్వుతున్నా అది నాతోనే ఉంటుంది. బరువంటే గుండె మీద బండ పెట్టినట్టు ఉంటుందని అందరూ అంటారు. నాకు అలా ఉండదు. పంట్లో ఇరుక్కున్న పీచులా ఉంటుంది. నాలుక ఊరికే ఊరికే అక్కడికే పోతుంది.

నేనెవరో మీకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. ఏలూరులో మా వీధిలో ఎవరినడిగినా, ఆవిడా, నోరు కాస్త కటువేగానీ మాటకు నిలిచే మనిషి అంటారు. మా పెద్దకోడలు చెప్పిందంటే మరి తిరుగులేదు అని మా అత్తగారు పదిమందిలో గొప్పగా చెప్పుకునేది. ఆ మంచిపేరే నాకు అక్కరకొచ్చింది. దొంగకు చీకటి అక్కరకొచ్చినట్టు. నేను చెప్పిన మాట నిజమో కాదో అని ఇంకొకరిని అడిగినవాళ్ళు లేరు మరి.

పేర్లు రాయను. నా తోడికోడల్ని ఇంట్లో అందరం చిన్నమ్మి అనేవాళ్ళం. ఇక్కడా అలాగే అంటాను. కొల్లేటి లంకలో ఒక బడిపంతులుగారి కూతురు. చిన్నప్పుడే తల్లి పోయింది. మా మరిది తాడేపల్లిగూడెంలో స్కూలు మేష్టరు. కొత్త కాపురం. శనివారం మధ్యాహ్నం రైలుకి అతను ఏలూరు వచ్చేవాడు. వస్తూనే కాళ్ళు కడుక్కునే వంకతో పెరట్లోకి పోయేవాడు, బావి దగ్గర చిన్నమ్మి ఉంటుందని. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో గానీ ఆ పిల్ల కిలకిలా నవ్వేది. ఆ నవ్వు నాకు గిట్టేది కాదు. ఈ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడెవరైనా అని ఉంటే వాళ్ళ మొహం మీదే తలుపు వేసేదాన్ని.

అలాగని చిన్నమ్మి అంటే నాకు ఇష్టం లేదని అనుకోకండి. ఆ పిల్ల జడ నేనే వేసేదాన్ని. వేవిళ్ళప్పుడు ఏది తింటే ఇముడుతుందో కనిపెట్టి అదే చేసిపెట్టేదాన్ని. ప్రేమా ఓర్వలేనితనమూ ఒకే కడుపులో ఎలా ఇముడుతాయని నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. ఇముడుతాయండీ. చక్కగా ఇముడుతాయి.

తొలికాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ. కానీ అక్కడ తల్లి లేదు. పైగా వానాకాలం, కొల్లేరు పొంగి లంక చుట్టూ నీళ్ళు, దోనె తప్ప దారి లేదు. అందుకని ఏలూరులోనే ఉంచేశాం. నొప్పులు రాగానే ఆడవాళ్ళ ఆసుపత్రికి తీసుకుపోయాం. మా మరిది పట్టుబట్టాడు కాబట్టి ఆసుపత్రి. లేకపోతే మా ఇంట్లో పురుళ్ళన్నీ మంత్రసాని చేతిమీదే, చీకటి గదిలోనే.

ఆ ఆసుపత్రికి గోషా పాటించే తురకల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చేవారు. అందుకని మగవాళ్ళను గేటు దాటి రానిచ్చేవారు కాదు. కాలవగట్టు మీద ఒక రేకుల పాక ఉండేది. తండ్రులూ మొగుళ్ళూ అక్కడే పడిగాపులు. లోపలి కబురు బయటికీ, బయటి మాట లోపలికీ మోసేది వెంట వచ్చిన ఆడమనిషే. మా అత్తగారు కీళ్ళనొప్పులతో కదల్లేని మనిషి. అందుచేత ఆ రోజు ఆ మనిషిని నేను.

పక్కమంచం మీద తివాచీలు నేసేవాళ్ళ ఇంటి కోడలు ఒకామె ఉంది. పొద్దున్నుంచీ కేకలు పెడుతున్నది కాస్తా మధ్యాహ్నానికి సద్దుమణిగింది. నర్సమ్మ ఆమె ముక్కు దగ్గర ఒక గుడ్డ పట్టుకుని, దానిమీద సీసాలోంచి ఏదో చుక్కలు వేస్తోంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చేది. మొహం తేటపడేది. కాసేపటికే పిల్లాడు పుట్టాడు. చిన్నమ్మి ఇదంతా కళ్ళప్పగించి చూసింది. చూసి, నాకూ అది ఇప్పించండి అక్కయ్యా, అని నా కొంగు పట్టుకుంది.

డాక్టరమ్మ ఇస్తానంది. క్లోరోఫారం, పూర్తిగా నిద్రపుచ్చదు, నొప్పి పదును తగ్గిస్తుంది, బిడ్డకేం కాదు అని నాకు వివరంగా చెప్పింది. అయితే మత్తిచ్చే ముందు భర్త ఒప్పుకోవాలి, అది అక్కడి కట్టుబాటు. వెళ్ళి అడిగి రమ్మంది.

వెళ్ళాను. నన్ను చూడగానే మరిది పాకలోంచి పరుగున గేటు దగ్గరికి వచ్చాడు. నీళ్ళు నిండిన కళ్ళు, నలిగిన చొక్కా.

"వదినగారూ, ఎలా ఉందండీ? కేకలు ఇక్కడిదాకా వినిపించాయండీ."

"తొలికాన్పు కదా, ఆలస్యమవుతుంది. బాగానే ఉందిలే."

"నొప్పి తెలీకుండా మందేదో ఉందటండీ, ఆ తివాచీలాయన చెప్పాడు. మీరు డాక్టరమ్మతో చెప్పి అదేదో ఇప్పించండి వదినగారూ. అంత బాధ అది తట్టుకోలేదండీ. మీకు దణ్ణం పెడతాను."

నేనింకా అడగనే లేదు. నేను అడగవలసినదాన్ని అతనే నన్ను అడిగాడు. గేటు ఊచల్లోంచి రెండు చేతులూ జోడించాడు.

"చెప్తాలే. నువ్వు వెళ్ళి కూర్చో," అన్నాను.

వెనక్కి తిరిగాను. గేటుకీ వార్డుకీ మధ్య పెద్ద దూరమేం లేదు. ఆ కాస్త దూరంలో నాకేమైంది? ఎంత తవ్వినా అక్కడికే వస్తాను. నా తొలికాన్పు గుర్తొచ్చింది. మంత్రసాని నా నోట్లో పాతగుడ్డ కుక్కింది, అరిస్తే వీధిలోకి వినపడుతుందని. అరుగు మీద మా వారు ఎవరితోనో అంటున్నారు, అందరూ పడేదేగా అని. అని, కచేరీకి వేళయిందని గొడుగు తీసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవారు కాదు. ఇప్పటికీ నాకు ఏ లోటూ చెయ్యరు. కానీ నాకోసం ఏ గేటు దగ్గరా ఎవరూ చేతులు జోడించలేదు. ఆ సంగతి అంతవరకూ నాకు తెలియను కూడా తెలియదు. మా మరిది చేతులు చూశాకే తెలిసింది. తెలిసేసరికి ఒళ్ళంతా మండిపోయింది.

వార్డులోకి వెళ్ళాను. చిన్నమ్మి తల ఎత్తి చూసింది.

"వారేమన్నారు అక్కయ్యా?"

"వద్దన్నాడమ్మా. అందరూ పడేదేగా అన్నాడు."

డాక్టరమ్మ నా వంక చూసి, సరిగ్గా అడిగారా అంది. అడిగానండీ అన్నాను. ఆవిడ సీసా తీసి బీరువాలో పెట్టేసింది.

ఆ తర్వాత చిన్నమ్మి ఒక్క కేక కూడా వెయ్యలేదు. నన్ను నిద్రలేపి కూర్చోబెట్టేది ఇదే. కేకలు పెట్టినా బావుండేది. గోడ వైపు తిరిగి, నా చెయ్యి పట్టుకుని, పళ్ళు బిగించింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. గోళ్ళు నా అరచేతిలో దిగాయి. ఒక్కసారి లేచి డాక్టరమ్మతో ఒక్క మాట చెప్తే సరిపోయేది. పొరపాటు పడ్డాను, ఒప్పుకున్నాడు అంటే చాలు. అనుకున్నాను కూడా. ఈసారి నొప్పి తగ్గగానే చెప్తాను, ఈసారి తగ్గగానే చెప్తాను, అనుకుంటూ కూర్చున్నాను. ఎందుకు చెప్పలేదు? నా మాటకు తిరుగులేదన్న పేరు పోతుందనా? ఆ పిల్ల పడుతుంటే నాలో ఏదో ఒక మూల చల్లబడుతోందా? ఈ రెండో ప్రశ్నకు కాదని జవాబు రాయాలని ఉంది. రాయలేను.

దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. బయటికి వెళ్ళి చెప్పాను. మరిది మొదట అడిగింది పిల్ల గురించి కాదు. మందిచ్చారా అని. ఇచ్చారు అన్నాను. అతను వంగి గేటు ఇవతల ఉన్న నా పాదాల వైపు దణ్ణం పెట్టాడు.

అలా లోపల ఒక అబద్ధం, బయట ఒక అబద్ధం. ఈ రెండూ ఎక్కడో ఒకచోట ఎదురుపడి నా గుట్టు రట్టు చేస్తాయని చాలాకాలం బెదురుతూ ఉన్నాను. ఎదురుపడలేదు. పురుడు వెళ్ళేదాకా మొగుడు మొహం చూడని ఇల్లు మాది. ఆ తర్వాత కూడా పురిటిగది సంగతులు మగవాళ్ళు అడగరు, ఆడవాళ్ళు చెప్పరు. సిగ్గు అంటారు, మర్యాద అంటారు. ఆ మర్యాద చాటునే నేను బతికిపోయాను.

బారసాల నాడు అతను పక్కన కూర్చుంటే చిన్నమ్మి ఒక్కసారి కూడా తల తిప్పలేదు. గూడెంలో వేరు కాపురం పెట్టారు. వండి పెట్టేది, బట్టలు ఉతికేది, పిలిస్తే పలికేది. నవ్వు మాత్రం మరి లేదు. నాకు గిట్టని ఆ నవ్వు నిజంగానే పోయింది. మరో కాన్పు రానివ్వలేదు. ఏదో వంకన పిల్లతో లంకకు పోయి నెలల తరబడి ఉండిపోయేది. నేను గూడెం వెళ్ళినప్పుడల్లా ఆ ఇంట్లో గాలి ఆడనట్టుండేది. తేలు కుట్టిన దొంగలా కూర్చుని కాఫీ తాగి వచ్చేసేదాన్ని.

నాకు నేను ఒక సమాధానం చెప్పుకుంటూ వచ్చాను. అత్తిలిలో మా దూరపు చుట్టం ఒకామె మత్తుమందు వికటించి పోయిందని ఎప్పుడో విన్నాను. ఆ భయంతోనే వద్దన్నాను, ఆ పిల్ల మంచికే చేశాను అని. చాలా ఏళ్ళు ఈ మాట నమ్మాను. కానీ భయమే అయితే ఆ భయం మరిదితోనే చెప్పి ఉండేదాన్ని కదా? డాక్టరమ్మను ఇంకోసారి అడిగి ఉండేదాన్ని కదా? భయపడినవాళ్ళు పక్కవాడి నోట్లో మాటలు పెట్టరు. అది భయం కాదు. కుళ్ళు. ఉత్త కుళ్ళు.

కిందటేడు మరిదికి సన్నిపాతజ్వరం వచ్చింది. చిన్నమ్మి కంటిమీద కునుకు లేకుండా సేవ చేసింది, సేవలో వంక పెట్టడానికి లేదు. నేనూ వెళ్ళి సాయం ఉన్నాను. ఒక పగటివేళ ఆమె బావి దగ్గరికి వెళ్ళినప్పుడు అతను కళ్ళు తెరిచాడు. దానికి నామీద కోపం దేనికండీ వదినగారూ, మీతో ఎప్పుడైనా అందా అని అడిగాడు. ఎండిన పెదవులతో, మెల్లగా, ఎంతో మర్యాదగా అడిగాడు. చెప్పడానికి అంతకంటే మంచి అదను ఏ మనిషికి దొరుకుతుంది? నేను బార్లీనీళ్ళ చెంచా అతని నోట్లో పెట్టి, జ్వరంలో అలాగే అనిపిస్తుంది, పడుకో నాయనా అన్నాను. అతను పడుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు.

చిన్నమ్మి ఏడవలేదు. వచ్చిన ఆడవాళ్ళు మూతులు విరిచారు, రాతిగుండె అన్నారు. నేను వింటూ కూర్చున్నాను. వాళ్ళ నోరు మూయించగల మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నే.

ఇప్పుడామె లంకలో తండ్రి దగ్గర ఉంటోంది. చెప్పేద్దామనే మొన్న దోనె ఎక్కి వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. నన్ను చూసి ఆమె ఎంత సంబరపడిందో. నా మోకాళ్ళకు ఆముదం రాస్తూ, ఆ రోజు ఆసుపత్రిలో నా చెయ్యి వదలకుండా కూర్చున్నది మీరొక్కరే అక్కయ్యా, అమ్మ ఉంటే అలాగే ఉండేదేమో అంది. కూర్చుకున్న మాటలన్నీ చెల్లాచెదురైపోయాయి. చెప్తే ఆమె గుండె పగులుతుందని ఆగానా? కాదండీ. ఆ ఆముదపు చేతులు మరి నన్ను ముట్టుకోవని ఆగాను.

పిల్ల పక్కనే కూర్చుని అంతా వింటోంది. ఎదిగిన పిల్ల, అన్నీ అడుగుతుంది. మా నాన్న మంచివాడేనా పెద్దమ్మా అంది. నేను నోరు తెరిచేలోగానే చిన్నమ్మి అందుకుంది.

"చెడ్డవారేం కాదే. ఎదుటివాళ్ళ నొప్పి తెలీదు వారికి, అంతే. కావాలంటే అడుగు, పెద్దమ్మకి తెలుసు."

పిల్ల నావైపు తిరిగింది. వాళ్ళ నాన్న కళ్ళే. నేను అవునన్నట్టు తల ఊపాను.

ఊపేశాను. తల్లిని ఏమార్చాను, తండ్రిని ఏమార్చాను, ఇప్పుడు ఆ పిల్లకి తండ్రిని లేకుండా చేశాను. మీరు నన్ను క్షమించాలని ఇదంతా చెప్పడం లేదు. క్షమించడానికి మీరెవరు? ఆ హక్కు ఉన్నవాళ్ళలో ఒకరు లేరు, ఒకరికి తెలియదు. మళ్ళీ దోనె ఎక్కుతానో లేదో ప్రమాణం కూడా చెయ్యను. నా ప్రమాణాల సంగతి నాకు తెలుసు.

అయినా ఒక్కసారి, ఎక్కడో ఒకచోట, ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. అతను వద్దనలేదు. నేను అడక్కముందే ఇప్పించమని చేతులు జోడించాడు. వద్దన్నది నేను. ఈ మాటలు రాసి మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యలేదు.