తాతయ్య మొహాన ఊదని పాప

పిల్లల వార్డులో ఆయాగా పనిచేసే ఆవిడని అందరూ బొంగరం పిన్ని అంటారు. కాలు ఒకచోట నిలవదు. ఎవరు ఎదురుపడినా వరస కలపందే మాట మొదలుపెట్టదు. పెద్ద డాక్టరు ఆవిడకి బాబాయి, నర్సమ్మ కోడలు, లిఫ్టు నడిపే ఆయన బావగారు. అలాంటి మనిషి వార్డులోకి వచ్చిన రోబోని మాత్రం వదులుతుందా?

ఆ రోబోకి ముక్కు ఉండాల్సిన చోట చిన్న ఫ్యాను ఉంటుంది. ఆపరేషన్ అయిన పిల్లలు ఎదురుగా నిలబడి అది తిరిగేలా ఊదాలి, ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా. మన పిల్లలేమో దాన్ని కొట్టడం, గిల్లడం. "తాతయ్యరా, తాతయ్యని కొడతారా?" అంది పిన్ని. అంతే, చేతులాగాయి. "తాతా, జరుగు" అంటూ మొహాన తుంపర్లు పడేలా ఊదడం మొదలుపెట్టారు.

తర్వాత వేరే దేశం నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళ పాప చేరింది. కడుపు ఆపరేషన్. బడిలో మన మాటలు బాగానే నేర్చుకుంది.

"ఈయన తాతయ్య. ఊదమ్మా," అంది పిన్ని.

పాప తల వంచుకుని, అరచేత్తో నోరు మూసుకుంది. మర్నాడూ అదే వరస. దగ్గితే ఛాతీలో గరగర.

"సాయంత్రం దాకా చూద్దాం. తగ్గకపోతే గొట్టం వేసి కఫం లాగాల్సిందే," అన్నాడు డాక్టరు. తల్లి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

పిన్ని మంచం పక్కన చతికిలబడింది. "నొప్పా తల్లీ? మరెందుకు మొండికేశావు?"

తల్లే వచ్చీరాని మాటల్లో చెప్పింది. "మా ఇంట్లో పెద్దవాళ్ళ మొహానికి ఊపిరి తగలకూడదు. చాలా తప్పు. మీరు తాతయ్య అన్నారు కదా."

పిన్ని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నా నోరు పడిపోను. తాత కాదే, నీకు తమ్ముడు. మొన్నే పుట్టాడు."

"నిన్న తాత కదా?" అంది పాప.

"పక్క మంచం వాడికి తాత. ఒక్కొక్కరికీ ఒక్కో వరస. మా వాళ్ళల్లో నన్ను అమ్మమ్మా అని పిలిచే ఒకాయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద."

పాప తల్లివైపు చూసింది. తల్లి తలూపింది. పాప మెల్లగా మంచం దిగి, రోబో చెయ్యి పట్టుకుని సరిగ్గా నిలబెట్టింది. "తమ్ముడూ, కదలకు."

ఊదింది. ఫ్యాను వణికింది. దగ్గొచ్చింది. కుట్లు లాగకుండా పిన్ని దిండు తెచ్చి పాప కడుపుకి అదిమి పట్టింది. మళ్ళీ ఊదింది, ఈసారి తిరిగింది. సాయంత్రానికి కఫం చాలావరకు దానంతటదే పడిపోయింది. డాక్టరు వీపు మీద స్టెత్ పెట్టి విని, "గొట్టం అక్కర్లేదు," అన్నాడు.

"మా బాబాయి బంగారం," అంది పిన్ని.

రోబో పాపవైపు తిరిగి "శభాష్" అంది.

"అక్కకి శభాష్ చెప్పకూడదు," అంటూ పాప దాని నెత్తిన మెత్తగా ఒక్కటి వేసింది.