నా కొడుకు వేసిన నీళ్ల రంగు

ఎర్రగుంట్ల నుంచి మనిషి వచ్చినప్పుడు నేను కొర్రలు చెరుగుతున్నాను. అక్కడ రంగుల పనికి పోయిన నా పెద్ద కొడుకు మూడు రోజుల జ్వరంతో చనిపోయాడని చెప్పాడు. చేట కింద పెట్టానో, చేతిలోంచి జారిందో గుర్తు లేదు. ఇది పోయిన నెల సంగతి.

నాది మూడో తరగతి చదువు. అయినా మన చర్చి సంఘం పత్రికలో వాడి గురించి నేనే రాస్తానని పట్టుబట్టాను. మన గుడిలో బల్లలకు, ప్రసంగ పీఠానికి రెండేళ్ల కింద వాడు వేసిన రంగు నిలిచేది కాదని గీకించి, నూనె రంగు వేయించాలని పెద్దలు అనుకుంటున్నారు. అది జరగక ముందే మీరు ఒక నిజం వినాలి.

నాకు ఉబ్బసం. నూనె రంగు వాసన తగిలితే నెల రోజులు గుడిలో కూర్చోలేను. అందుకే వాడు నీళ్ల రంగు ఎంచుకున్నాడు. పని మొదలుపెట్టిన రోజు సంఘ పెద్ద అడిగాడు.

"ఏమప్పా, చెక్కకు నీళ్ల రంగు నిలుస్తాదా? గోడ అనుకుంటాండావా?"

"లోపలి చెక్కే కదా మామా. వాన తగిలేది లేదు, ఎండ తగిలేది లేదు. బయటి తలుపులకైతే నేనే వద్దంటా."

"మీయమ్మ దగ్గు కోసం గుడంతా మారుస్తావా?"

"ఆయమ్మ దగ్గేది నీ ప్రార్థన మధ్యలోనే మామా. నీకూ మంచిదే."

అందరూ నవ్వారు. పెద్ద కూడా నవ్వాడు.

ముందు సోడా నీళ్లతో బల్లలు కడిగాడు. మన తలనూనె జిడ్డు, కొవ్వొత్తుల మైనం అంతా పోయేదాకా కడిగి, రెండు రోజులు ఆరబెట్టాడు. విరిగిన పాల గడ్డను సున్నంతో నూరి, రంగుకు పచ్చసుద్ద మట్టి కలిపి, నా పాత చీర ముక్కలో వడగట్టాడు. మొదటి పూత ఆరాక నేను చెయ్యి పెట్టి చూస్తే చెక్క గరుగ్గా తగిలింది. పాడైపోయిందనుకున్నాను.

"నీళ్లు తాగితే చెక్కకు నూగు లేస్తాది మా. దానికి భయపడితే ఎట్ల? ఉప్పుకాగితం పట్టి మళ్లీ వెయ్యల్ల. పల్చగా, చెక్క గీత వెంబడే."

రెండో పూత కూడా అయ్యాక నాకు మరీ మరీ చెప్పాడు. "ఆరేది వేరే, గట్టిపడేది వేరే. నెల దాకా తడి తగలగూడదు."

విన్నాను. విని కూడా, నాలుగో రోజు క్రిస్మస్‌కు గుడి కడగడానికి ఆడవాళ్లందరితో పాటు పోయాను. ఏటా కడిగేదే కదా. కొడుకు చేసిన పని అందరి కంటే మెరవాలని, ఎవరూ చూడనప్పుడు ప్రసంగ పీఠాన్ని నేనే తడిగుడ్డతో రుద్దాను. పచ్చరంగు కారిపోయింది.

మరునాడు అందరూ వాడిని చుట్టుముట్టారు. "నీళ్ల రంగోడు" అన్నారు. వాడు నా గోళ్ల వైపు చూశాడు. గోళ్లలో పచ్చసుద్ద ఇంకా ఉంది.

"పాలు సరిగ్గా విరగలేదేమోలే. మళ్లీ వేస్తా," అన్నాడు.

నేను నోరు తెరవలేదు. రెండేళ్లు తెరవలేదు. ఆ పేరు పోకనే వాడు పోయాడు. ఇప్పుడు రాస్తున్నాను, చదవండి. తప్పు రంగుది కాదు. నా కొడుకుది అసలే కాదు. నాది.

పోయిన ఆదివారం సంఘ పెద్ద ముందే పీఠాన్ని, మొదటి బల్లను తడిగుడ్డతో గట్టిగా తుడిచాను. దుమ్ము వచ్చింది, మన జిడ్డు వచ్చింది. రంగు రాలేదు.

"సరేలేమ్మా, అందరితో మాట్లాడి చూస్తా," అన్నాడు.

"మాట్లాడేదేముండాది అన్నా? గుడ్డ ఈడే ఉండాది, చూడు."

గీకడానికి వచ్చేవాళ్లు రండి. నేను మొదటి బల్ల మీదే కూర్చుని ఉంటాను. నూనె రంగు తెచ్చినా లేవను.

ఇంకొకటి మీకెవరికీ తెలియదు. పీఠానికి మళ్లీ రంగు వేసినప్పుడు, వెనక కింది మూలన నేను రుద్దిన చారలు కొన్ని వాడు అట్లాగే వదిలేశాడు. "నీ చెయ్యి మా, ఉండనీ," అని నవ్వాడు. గుడి ఖాళీ అయ్యాక నేను వంగి నాలుగు వేళ్లూ అక్కడ ఆనిస్తాను. ఆ నాలుగు చారలూ నా వేళ్లంత వెడల్పే ఉన్నాయి. వాటి చుట్టూ వాడి పచ్చరంగు, నున్నగా, గట్టిగా.